ఊపిరి జబ్బుకు పని పేరు రాయించండి

(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత కుటుంబాల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

 

హక్కుల వేదిక మీద ఊపిరితిత్తుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు మనం తరచు చర్చించే విషయాలు. వాటి సరసన ఈనాడు ఊపిరిని కూడా చేరుస్తున్నాము. పేదవానికి రెక్కల కష్టమే ఆస్తి. ఊపిరి ఆడనినాడు ఆ రెక్కలు ఆడవు. పని వల్ల పోయిన ఊపిరికి పరిహారం అడగడం కూడా హక్కే.

ముందుగా ఊపిరి ఎలా ఆడుతుందో తెలుసుకుందాము. ఛాతీకి, పొట్టకు నడుమ గొడుగు వంటి కండరం ఒకటి ఉన్నది. దానిని ఉదరవితానం అంటారు. అది కిందికి దిగి, పక్కటెముకలు పైకి లేచినప్పుడు ఛాతీ విశాలమై గాలి లోనికి వస్తుంది. అది సడలి పైకి వచ్చినప్పుడు గాలి వెలుపలికి పోతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్ద మనిషి నిమిషానికి 12 నుండి 20 సార్లు, ఒక్కొక్కసారి సుమారు అర లీటరు గాలి పీలుస్తాడు. ముక్కు ఆ గాలిని వెచ్చబరచి, తడిపి, వడకడుతుంది. శ్వాసనాళం రెండుగా చీలి కుడి, ఎడమ ఊపిరితిత్తులలోకి పోతుంది. ఆ కొమ్మలు 20కి పైగా సార్లు చీలి, చివరకు ద్రాక్షగుత్తుల వంటి వాయుకోశాలవుతాయి. అవి 30 కోట్లకు పైగా ఉంటాయి. అన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే మనలో చాలామంది ఇళ్ళ నేల కంటే ఎక్కువ. వాటి పలుచని గోడల గుండానే ప్రాణవాయువు రక్తంలోకి చేరుతుంది, బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది.

రక్తం గుండె నడిమి గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా కుడి నుండి ఎడమకు పోతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ నాటి నుండి వైద్యులు నమ్మేవారు. డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్ 13వ శతాబ్దంలో దానిని కాదన్నాడు. ఆ గోడకు రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తుల గుండా తిరిగి, గాలితో కలిసి ఎడమ వైపుకు చేరుతుందని రాశాడు. ఊపిరితిత్తులు గట్టిపడితే గుండె కుడి భాగం అలసిపోయి, చివరకు కాళ్ళు వాచేది ఈ మార్గం వల్లనే. ఊపిరి జబ్బు ఊపిరితిత్తుల దగ్గరే ఆగదు.

ఈ యంత్రాంగానికి కావలి కూడా ఉన్నది. నాళాల లోపలి జిగురు ధూళిని పట్టుకుంటుంది. సూక్ష్మమైన నూగు ఆ జిగురును గొంతు వైపుకు తోస్తుంది. దగ్గు దానిని బయటకు నెడుతుంది. అయితే మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాన్ అంటారు. 5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ఈ కావలిని దాటి వాయుకోశాల దాకా పోగలవు. అంటే కంటికి కనిపించే దుమ్ము కంటే కనిపించని దుమ్మే ఎక్కువ ప్రమాదకరం.

ఇక మన ప్రాంతానికి వద్దాము. పూర్వపు కృష్ణా జిల్లాలోని ఈ మెట్ట భూములు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఇక్కడ పత్తి, మిరప పండుతాయి. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు. నందిగామ దాటి కంచికచర్ల వైపు పోతే రాతి క్వారీలు, క్రషర్లు.

పత్తి దుమ్ము తెచ్చే జబ్బు పేరు బిసినోసిస్. దూది ఏకేవారికి, జిన్నింగు, స్పిన్నింగు మిల్లుల కార్మికులకు ఇది వచ్చే ప్రమాదమున్నది. దీనికొక గుర్తున్నది. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోతుంది, ఆ తర్వాతి రోజులలో తగ్గుతుంది. ఆదివారం సెలవైన మిల్లులలో ఇది సోమవారం కనిపిస్తుంది. జుమా రోజున పని ఆపే దూదేకుల ఇంట శనివారం కనిపించవచ్చు. ఈ దశలో ధూళికి దూరమైతే ఊపిరి చాలవరకు కోలుకుంటుంది. ఏళ్ళ తరబడి కొనసాగితే ఆయాసం శాశ్వతమవుతుంది. బీడీ, సిగరెట్టు దానిని మరింత ముదరబెడతాయి. ఏకిన దూదిని ఇంట్లోనే పరుపులకు నింపి కుట్టే తల్లులు కూడా అదే ధూళి పీలుస్తున్నారు. కట్టెల పొయ్యి పొగ వారికి అదనపు భారం.

రాతి ధూళిలోని సిలికా తెచ్చే జబ్బు సిలికోసిస్. గ్రానైటు, ఇసుకరాళ్ళలో సిలికా ఎక్కువ. సున్నపురాయిలో తక్కువే అయినా, ఆ ధూళి కూడా దగ్గును తెస్తుంది. సిలికా రేణువును మింగిన రక్షక కణం తానే చచ్చిపోతుంది. ఆ చోట మచ్చ గట్టిపడుతుంది. పని మానినా జబ్బు ముదరవచ్చు. దీనిని నయం చేసే మందు లేదు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులువుగా పడుతుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకదానినొకటి పోలి ఉండడం వల్ల, సిలికోసిస్‌ను క్షయగానే భావించి మందులిచ్చే పొరపాటు కూడా జరుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ఆసుపత్రి చీటీ మీద 'ఉబ్బసం', 'దగ్గు', 'క్షయ' అన్న మాటలే ఉంటాయి. రోగి ఏ పని చేస్తాడన్నది ఉండదు. రోగిని 'నీ వృత్తి ఏమిటి?' అని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని, 1700లో వెలువడిన శ్రామికుల వ్యాధుల గ్రంథంలో తోటి వైద్యులకు చెప్పాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ మన చీటీల మీదికి ఎక్కలేదు. దూదేకుల అన్న వృత్తి పేరు బి.సి.-బి జాబితాలో ఉన్నది, కుల ధ్రువీకరణ పత్రం మీద ఉన్నది. ఆ వృత్తి తెచ్చిన జబ్బు కాగితం మీద మాత్రం లేదు.

ఆ ఒక్క మాట లేకపోతే హక్కు చేజారుతుంది. 1923 నాటి పరిహార చట్టం సిలికోసిస్‌ను, బిసినోసిస్‌ను పని వల్ల వచ్చే జబ్బులుగా గుర్తించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో రెండిటినీ చేర్చింది. 2020 నాటి కార్మిక స్మృతులలోనూ అవి ఉన్నాయి. ఫ్యాక్టరీ కార్మికునిలో ఈ జబ్బును గుర్తించిన వైద్యుడు ఆ విషయాన్ని అధికారులకు రాసి పంపాలి. గుత్తేదారు కింద పని చేసినవానికి కూడా అసలు యజమాని నుండి పరిహారం అడిగే మార్గమున్నది. కాని సొంతంగా దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబానికి యజమాని ఎవరు? పరిహారం ఎవరిని అడగాలి? చట్టం వారిని వెలుపలే ఉంచింది. వారికి ఉచిత పరీక్షలు, జబ్బు పడినవారికి పింఛను కావాలని మనం ప్రభుత్వాన్ని అడగాలి.

ఈలోగా మన చేతిలో ఉన్న పనులు చేద్దాము. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకుందాము, అది ఉచితం. ఏ పని, ఎన్నేళ్ళు, ఏ చోట చేశామో డాక్టరుగారికి మనమే చెప్పి, చీటీ మీద రాయమని అడుగుదాము. గొట్టంలోకి ఊదించి ఊపిరి బలాన్ని కొలిచే పరీక్ష ఉన్నది, అది కూడా అడుగుదాము. పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, కూలి చీటీలు, హాజరు కార్డులు పారవేయక దాచుకుందాము. దూదిని పిల్లలు పడుకునే గదిలో కాక ఆరుబయట, గాలి వీపు వైపు నుండి వీచేటట్లు కూర్చొని ఏకుదాము. ముక్కుకు కట్టే తువ్వాలు సన్నని ధూళిని ఆపదు. ఎన్-95 మాస్కు కావాలి. క్రషర్ల వద్ద మాస్కు కంటే ముఖ్యమైనది నీరు. రాయిని తడిపి కొడితే ధూళి లేవదు. ఆ నీటిని ఏర్పాటు చేయవలసిన బాధ్యత యజమానిది.

మస్జిదు కమిటీలకు, యువకులకు ఒక్క విన్నపం. ప్రతి వీధిలో దగ్గు, ఆయాసంతో బాధపడుతున్నవారి పేరు, వయసు, చేసిన పని, చేసిన ఏళ్ళు, వారి అనుమతితో ఒక నోటు పుస్తకంలో రాయండి. విడివిడిగా చూస్తే అది ఒక్కొక్కరి తలరాతగా కనిపిస్తుంది. ఒక్కచోట రాస్తే అది పని తెచ్చిన జబ్బని తేలుతుంది. అటువంటి పుస్తకంతో కలెక్టరు కార్యాలయానికి పోయినప్పుడు మన మాటకు ఆధారం ఉంటుంది.