ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

వ్యాయామ విద్య చదివిన మీకు ఒక ఆటగాడి సంగతి చెప్పాలని వచ్చాను. ఆయన ఆడింది మన వైపు పెద్దగా ఎవరూ చూడని ఆట, ఐస్ హాకీ. పేరు టిమ్ థామస్. అమెరికావాడు. గోలీగా ఆడాడు.

ముందు గోలీ పనేమిటో చెప్పనివ్వండి. మంచు గచ్చు మీద ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న గోలు. దాని ముందు ఒక మనిషి. పక్ అంటే మూడంగుళాల వ్యాసం, అంగుళం మందం, సుమారు 170 గ్రాముల బరువుండే గట్టి రబ్బరు బిళ్ల. మంచు మీద ఎగిరెగిరి పడకుండా దాన్ని ఆటకు ముందు గడ్డకట్టిస్తారు. బలంగా కొడితే అది గంటకు 150 కిలోమీటర్ల వేగం దాటి వస్తుంది. మిగతా ఆటగాళ్లు నిమిషానికి ఒకసారి బెంచీ మీదకు వచ్చి ఊపిరి పీల్చుకుంటారు. గోలీ మాత్రం మొత్తం అరవై నిమిషాలూ అక్కడే ఉంటాడు.

ఈ పనికి ఖాళీలు చాలా తక్కువ. అమెరికా, కెనడా దేశాల పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 2000 నాటికి 30 జట్లు ఉండేవి. జట్టుకు ఇద్దరు గోలీలు, వాళ్లలో ఆడేది ఒక్కరే. దాడి చేసే కుర్రాడు కాస్త ఆశ కల్పిస్తే కోచ్ అతణ్ని నాలుగో వరుసలోనైనా ఇరికిస్తాడు. గోలీని అలా ఇరికించే చోటే లేదు. మన క్రికెట్‌లో వికెట్ కీపర్‌దీ ఇదే గతి. ధోనీ ఆడిన రోజుల్లో ఎందరు మంచి కీపర్లు రంజీలకే పరిమితమయ్యారో మీకు తెలుసు. మన విశాఖపట్నం కె.ఎస్. భరత్ రంజీలో త్రిశతకం కొట్టింది 2015లో. టెస్టు టోపీ పెట్టుకున్నది 2023లో.

థామస్ 1974లో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో పుట్టాడు. జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారాల మీద బతికిన ఊరు అది. ఆయన పెరుగుతున్న రోజుల్లో ఆ కర్మాగారాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. పిల్లవాణ్ని గోలీల శిక్షణ శిబిరానికి పంపడానికి తల్లిదండ్రులు పెళ్లి ఉంగరాలు సొమ్ము చేసుకున్నారు. ఈ మాట దగ్గర నేను ఒక్క క్షణం ఆగుతాను. ఇక్కడ వెనక వరుసల్లో కూర్చున్న అమ్మల్లో, నాన్నల్లో ఇలాంటి పని చేసినవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. మీరు చేసింది చిన్న పని కాదు.

థామస్ వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడాడు. 1994లో, ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, క్యుబెక్ నోర్డిక్స్ జట్టు ఆయన్ను 217వ ఆటగాడిగా ఎంచుకుంది. మరుసటి ఏడాదే ఆ జట్టు ఊరు మారి డెన్వర్ వెళ్లిపోయింది. డిసెంబరుకల్లా పాట్రిక్ రువా అనే మహా గోలీని తెచ్చుకుంది. థామస్‌కు ఆ తలుపు అక్కడితో మూసుకుపోయింది. 1997లో చదువు ముగించి బయటికొచ్చిన కుర్రాడు అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఆడాడు. తర్వాత హ్యూస్టన్. ఆ సీజన్‌లోనే సముద్రం దాటి ఫిన్‌లాండ్ రాజధాని హెల్సింకీ. అక్కడి నుంచి కెనడాలో హామిల్టన్, మళ్లీ హెల్సింకీ, ఆపైన డిట్రాయిట్‌లో ఒక చిన్న జట్టు, స్వీడన్‌లో స్టాక్‌హోమ్, తిరిగి ఫిన్‌లాండ్‌లో ఔలు. ఉత్తర ధ్రువ వలయానికి రెండు వందల కిలోమీటర్లైనా దూరం లేని ఊరు ఔలు. చలికాలంలో అక్కడ సూర్యుడు అలా కనిపించి ఇలా వెళ్లిపోతాడు.

క్రీడలు చదివినవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. యూరప్‌లో మంచు మైదానం అమెరికాలో కంటే నాలుగు మీటర్ల దాకా వెడల్పు ఎక్కువ. షాట్లు వేరే కోణాల నుంచి వస్తాయి. గోలీ గోలును వదిలి ఎంత ముందుకు రావాలి, ఏ క్షణాన పక్కకు జరగాలి అన్న లెక్క మొత్తం మారిపోతుంది. సముద్రం దాటిన ప్రతిసారీ థామస్ కాళ్లకు కొత్త పాఠం నేర్పుకున్నాడు. గోలు మాత్రం బర్మింగ్‌హామ్‌లోనూ ఔలులోనూ తర్వాత ఆడిన బోస్టన్‌లోనూ అదే ఆరడుగులు, అదే నాలుగడుగులు.

నేను ఈ మాటలు చెప్పడానికి కారణం ఇదే. ఆ ఏళ్లను మనం ఎదురుచూపులని పిలుస్తాం. నాకలా పిలవబుద్ధి కాదు. 1998లో హెల్సింకీ జట్టు ఫిన్‌లాండ్ ఛాంపియన్ అయినప్పుడు గోలులో ఉన్నది థామస్. ఆ ఊళ్లో ఆ రాత్రి పండగ చేసుకున్నవాళ్లకు ఆయన ఎక్కడికో వెళ్లే దారిలో ఉన్న మనిషి కాడు, వాళ్ల గోలీ. మీలో చాలామంది రేపు ఏదో మండల కేంద్రంలో, గచ్చు పగిలిన వాలీబాల్ కోర్టు దగ్గర కాంట్రాక్టు కొలువులో చేరతారు. అక్కడి పిల్లలకు కోచ్ మీరే. మీరు వేరే చోటికి వెళ్లే దాకా తమ బాల్యాన్ని ఆపుకుని వాళ్లు కూర్చోరు.

థామస్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి మ్యాచ్ ఆడింది 2002 అక్టోబరులో, బోస్టన్ బ్రూయిన్స్ తరఫున, ఎడ్మంటన్‌లో. గెలిచాడు. అప్పటికి వయసు 28. ఆ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడించి బ్రూయిన్స్ అనుబంధ జట్టున్న ప్రావిడెన్స్‌కు తిప్పి పంపారు. 2004-05లో యాజమాన్యాలకు, ఆటగాళ్లకు ఒప్పందం కుదరక ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది. థామస్ మళ్లీ హెల్సింకీ వెళ్లి, ఈసారి యోకెరిత్ జట్టుకు ఆడి, ఒక్క గోలూ ఇవ్వకుండా 15 మ్యాచ్‌లు ముగించాడు. అక్కడి ఆటగాళ్లు తమలో ఉత్తముడెవరో తామే ఓటు వేసి తేల్చుకుంటారు. ఆ ఏడాది థామస్‌నే ఎన్నుకున్నారు. అంత చేసి తిరిగొస్తే మళ్లీ ప్రావిడెన్సే. బోస్టన్ గోలీలిద్దరూ గాయపడ్డాకే పిలుపు వచ్చింది. అప్పటికి ఆయనకు 31 నిండాయి.

ఆయన ఆటతీరు కోచ్‌లకు నచ్చేది కాదు. పుస్తకంలో చెప్పినట్టు మోకాళ్ల మీద కూలి కింది భాగం మూసేసి, మిగతాది కొలత ప్రకారం కాచే పద్ధతి కాదు ఆయనది. పడేవాడు, దొర్లేవాడు, ముందుకు దూకేవాడు, చేతికందినదాంతో ఆపేవాడు. ఇన్ని దేశాల్లో, ఇందరు కోచ్‌ల కింద, ఇన్ని రకాల దాడులను ఎదుర్కొంటూ ఆయన కూడగట్టుకున్న ఆట అది. 2009లో, 35 ఏళ్ల వయసులో, లీగ్‌లో ఉత్తమ గోలీకి ఇచ్చే వెజినా ట్రోఫీ ఆయనకు వచ్చింది. మరుసటి ఏడాదే తుంటి నొప్పితో వెనకబడి, చోటును టూకా రాస్క్ అనే కుర్రాడికి వదులుకున్నాడు. శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నారు.

2010-11లో ఆయన 100 షాట్లకు దాదాపు 94 చొప్పున ఆపాడు. అప్పటికి అది లీగ్ రికార్డు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో తూర్పు విభాగం ఫైనల్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో ఎదుటి జట్టు టాంపా బే. ఆ జట్టులో మార్టిన్ సెయింట్ లూయీ ఉన్నాడు. వెర్మాంట్‌లో థామస్‌తో కలిసి ఆడినవాడు, పొట్టివాడని ఏ జట్టూ ఎంచుకోనివాడు, ఆనక లీగ్‌లోకెల్లా విలువైన ఆటగాడిగా నిలిచినవాడు. చిన్న కాలేజీ నుంచి వచ్చిన ఇద్దరు మిత్రులు అంత పెద్ద రాత్రి ఎదురెదురుగా నిలబడ్డారు. బోస్టన్ 1-0తో గెలిచింది. ఆ మ్యాచ్ తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

ఫైనల్‌లో ఎదురుగా వాంకూవర్. ఆ జట్టు గోలీ రొబెర్టో లువాంగోను 1997లో నాలుగో ఆటగాడిగా ఎంచుకున్నారు. థామస్ కాలేజీ విడిచి చిన్న లీగ్‌ల బాట పట్టిన ఏడాదే అది. లువాంగో కూడా గొప్ప గోలీ, అందులో నాకే సందేహమూ లేదు. ఏడు మ్యాచ్‌ల్లో థామస్ వదిలినవి ఎనిమిది గోల్స్, ఆపినవి 238 షాట్లు. 2011 జూన్ 15న జరిగిన చివరి మ్యాచ్‌లో ఒక్కటీ వదల్లేదు. 37 ఏళ్ల వయసులో, లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్‌తో పాటు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ కూడా అందుకున్నాడు. అంత పెద్ద వయసులో ఆ ట్రోఫీ అంతకుముందు ఎవరికీ రాలేదు.

ఓపిక పడితే అందరికీ ఇలాగే వస్తుందని మీకు చెప్పను. అది అబద్ధం అవుతుంది. థామస్ ఔలులో ఆడినంత చక్కగా ఆడి, పిలుపు రాక, పేరు తెలియక ఆట చాలించిన గోలీలే ఎక్కువ. థామస్ పేరు మనదాకా వచ్చింది 2011 వల్ల. ఆయన మంచి గోలీ అయింది మాత్రం అంతకు చాలా ముందే.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. 2013 డిసెంబరులో ఫ్లోరిడా జట్టుకు ఆడుతుండగా థామస్ మెదడుకు దెబ్బ తగిలింది. మర్నాడు ఏం తినాలో తేల్చుకోలేకపోయానని, జట్టు షెడ్యూలు చూసుకుంటూ మిగతా సీజన్ నెట్టుకొచ్చానని ఆయనే 2019లో చెప్పాడు. తర్వాత పరీక్షల్లో తేలింది, మెదడులో మూడింట రెండు వంతులకు రక్తప్రసారం ఐదు శాతం కూడా లేదని. కొన్నేళ్లు ఆయన మనుషులకు, ఆటకు దూరంగా బతికాడు. అమెరికా హాకీ ప్రముఖుల వరుసలో చేర్చి సత్కరించిన రోజునే ఈ విషయాలన్నీ బయటపెట్టాడు. ఎన్ని ఊళ్లు తిప్పినా, ఎన్నిసార్లు కిందికి పంపినా తట్టుకుని నిలిచిన ఆ ఓర్పే, ఆ రోజు తనకేదో అయిందని పైకి చెప్పనివ్వకుండా చేసిందని నా అనుమానం.

మీలో కోచ్‌లు అవుతున్నవాళ్లున్నారు, ఫిజియోలు అవుతున్నవాళ్లున్నారు. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. కబడ్డీలో తల నేలకు కొట్టుకున్న పిల్ల, బంతి తలకు తగిలిన కుర్రాడు వెంటనే లేచి "ఏం కాలేదు సార్, ఆడతాను" అంటారు. ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లు అలాగే అంటారు. ఆ రోజు వాళ్లను మళ్లీ మైదానంలోకి దించకండి. ఫైనల్ అయినా సరే, కప్పు పోయినా సరే, ఊరి పెద్దలు కోప్పడినా సరే. డాక్టరు చూసి సరేననే దాకా కూర్చోబెట్టండి. ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మానాన్నలకు మీరే చెప్పండి.