పుట్టినతేదీ లేని మామ్మ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఎవరి గురించి మాట్లాడతావు?" అనడిగితే "మస్తానమ్మగారి గురించండి" అన్నాను. "ఆవిడ మన బళ్ళో ఏ సబ్జెక్టు చెప్పారు? నాకు గుర్తులేదే" అన్నారాయన. ఆవిడ ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదండి. వంట చేసేవారు.

తెనాలి దగ్గర గుడివాడ అని ఒక పల్లె ఉంది. మీరనుకుంటున్న కృష్ణా జిల్లా గుడివాడ కాదు. ఆ పల్లెలో 2016లో మస్తానమ్మగారు వంకాయకూర వండుతుంటే మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి వీడియో తీసి యూట్యూబులో పెట్టారు. ఛానలు పేరు కంట్రీ ఫుడ్స్. అప్పటికే ఆవిడకి నూరేళ్ళు దాటాయన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ ఛానలుకి పది లక్షలమందికి పైగా చేరారు. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండిన వీడియో అయితే దేశదేశాలవాళ్ళు చూశారు. 2018 డిసెంబరులో ఆవిడ పోతే పెద్ద పెద్ద విదేశీ పత్రికలు కూడా రాశాయి.

ఆరుబయట కట్టెలపొయ్యి, ముందు కత్తిపీట. కొలత గ్లాసూ లేదు, చెంచా లెక్కా లేదు. అల్లంమీద పొట్టు గోటితోనే గీకేసేవారు. ఎవరేమనుకుంటారోనన్న బెరుకు ఆ ముఖంలో ఎక్కడా కనపడదు. చూసినవాళ్ళంతా "ఎంత స్వేచ్ఛగల మనిషి!" అన్నారు.

నాకు ఆ మాట దగ్గర కొంచెం అభ్యంతరం. పదకొండో ఏట పెళ్ళి. ఇరవై రెండో ఏట భర్త పోయాడు. చంకలోనూ చేతికిందా కలిపి అయిదుగురు పిల్లలు. పొలాల్లో కూలికెళ్ళి పెంచుకొచ్చింది. మనం చూసింది ఆ బతుకులో చివరి రెండేళ్ళే. అంతకుముందు నడిచిన దారిని స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రాదు. కాకపోతే అంతకాలం తన రెక్కలమీద తను తిన్న మనిషి, ఇక ఎవరికి జడవాలి?

ఆవిడ వయసు మీద కూడా వాదన నడిచింది. ఒకరు నూటారు అంటారు, ఒకరు నూటేడు అంటారు. కాగితం లేదు. అది చదివి నాకు నవ్వొచ్చింది. ఎందుకంటారా? మన బడి రిజిస్టరు తీయండి. జూన్ ఒకటినా, జూలై ఒకటినా పుట్టినవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. చూశారా!

నన్ను బళ్ళో వేసింది మా మామ్మ. వేల్పూరు రోడ్డు వెంట నడిపించి తీసుకొచ్చింది. మాస్టారు పుట్టినతేదీ అడిగితే "ఊడ్పులు ముగిసిన వారానికి పుట్టాడండి బాబూ" అంది. ఆయన నా కుడిచెయ్యి నెత్తిమీదుగా పెట్టించి ఎడమ చెవి అందిందో లేదో చూసి జూలై ఒకటి అని రాసేశారు. రేపు నా రిటైర్మెంటు కూడా ఆ చెవి లెక్క ప్రకారమే.

మామ్మ కూడా చిన్నతనంలోనే తోడు పోగొట్టుకుంది. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది. నిప్పు నోటిలోపలికి పెట్టి అడ్డచుట్ట తాగేది. 1991 పుష్కరాలకి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తణుకు స్టేషన్లో ప్యాసింజరెక్కి, నిడదవోలులో మారి, కొవ్వూరు గోష్పాదక్షేత్రంలో మునిగొచ్చింది. మా నాన్న చిందులేస్తే, "నేనేమన్నా చిన్నపిల్లనా, తప్పిపోడానికి?" అంది. పిండివంటలు చేస్తే మొదటి వాయి తనే తినేది. అడిగితే, రుచి చూడకుండా నలుగురికీ ఎలా పెడతానంది.

ఇక చెప్పడానికి మొహమాటంగా ఉన్న మాట చెబుతాను. పదో తరగతిలో నాకు బహుమతి వచ్చింది. ఇదే బడి, ఇదే ఆవరణ. మామ్మ వస్తానని నీరుకావి చీర విప్పి ఉతికిన చీర కట్టుకుంది. "నువ్వు రావొద్దు మామ్మా, చుట్టకంపు" అన్నాను. తిట్టలేదు. "సరేరా" అంది. నేను స్టేజి దిగి చూస్తే గేటు బయట కాలవగట్టు మీద నిలబడి ఉంది, చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని. లోపలికి రమ్మని నేను పిలవలేదు. స్నేహితులతో బయటికొచ్చి, ఆవిడ ముందునుంచే ఎవరో అన్నట్టు వెళ్ళిపోయాను.

మామ్మ పోయిన చాలా ఏళ్ళకి మస్తానమ్మగారి వీడియో చూశాను. అదే గోరు, అదే ముడి, ఎవరికీ భయపడని అదే గొంతు. నేను దాచిపెట్టిన మనిషిని లోకమంతా కళ్ళకద్దుకుంటోంది. ఆ రాత్రి వంకాయకూర వీడియో నాలుగుసార్లు చూశాను. మా ఆవిడ "ఏంటండీ, వంట నేర్చుకుంటున్నారా?" అంది.

ఇవాళ పొద్దున్నే హెడ్మాస్టరుగారిని బతిమాలి పాత అడ్మిషను రిజిస్టరు తీయించాను. నా పేరు పక్కన సంరక్షకుల సంతకం గడిలో మామ్మ వేలిముద్ర ఉంది. కాస్త అలుక్కుపోయింది. కింద మాస్టారి చేతిరాతలో ఆవిడ పేరు. ఇన్నేళ్ళూ అక్కడే ఉందండీ, గేటు లోపలే.

ఫోటో తీసుకున్నాను. చూడాలనుకున్నవాళ్ళకి భోజనాల దగ్గర చూపిస్తాను. గుత్తివంకాయ ఉందని కార్యదర్శిగారు చెప్పారు. సెలవు.