ఒట్టి మనిషి కాదు

మాది సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు. తప్పులుంటే మన్నించండి.

మా తాతలు మద్రాసు రేవులో ఓడ ఎక్కి, గిర్మిట్ కూలీలుగా ఫిజీ చేరారు. 1987లో అక్కడ సైనిక తిరుగుబాట్లు జరిగిన తరువాత మేము కాలిఫోర్నియా వచ్చాము. దేశాలు మారినా సీమంతం విడువలేదు. నెలలు నిండుతున్న అమ్మాయిని పీటమీద కూర్చోబెట్టి గాజులు తొడుగుతాము, హారతి ఇస్తాము.

పోయిన ఉగాదినాడు భోజనాల వరుసలో ఒక కోడలుపిల్ల చాలాసేపు నిలబడింది. "పెద్దలు ముందు రండి" అని పిలిస్తే మేము ఆమెను దాటివెళ్ళి ప్లేట్లు అందుకున్నాము. పులిహోర దగ్గరకు వచ్చేసరికి ఆమెకు కళ్ళు తిరిగాయి, గోడకు చేరగిలబడింది. నెల క్రితం ఆ చేతులకు గాజులు తొడిగినది మేమే!

కడుపుతో ఉన్న ఆమెను మన తెలుగులో "ఒట్టి మనిషి కాదు" అంటారు. ఆ మాట బడిలో నేర్చుకున్నాము. వరుసలో మరచిపోయాము.

ఈ దేశంలో 1990 నాటి వికలాంగుల చట్టం బస్సుల్లో వృద్ధులకు, వికలాంగులకు ముందు సీట్లు చూపింది. మామూలు గర్భం ఆ చట్టం కిందికి రాదు. 2023 జూన్‌లో అమలులోకి వచ్చిన గర్భిణీ ఉద్యోగుల చట్టం పనిచేసేచోట కుర్చీ, విరామం అడిగే హక్కు ఇచ్చింది. అది కొలువుకే గాని క్యూకు కాదు. బ్రెజిల్‌లో మాత్రం 2000 సంవత్సరపు చట్టం గర్భిణులకు బ్యాంకుల్లో, కార్యాలయాల్లో ముందు వంతు ఇచ్చింది. ఇక్కడ మర్యాదే చట్టం కావాలి.

మరొక మాట. వేవిళ్ళ నెలల్లో కడుపు కనబడదు, బాధ మాత్రం ఎక్కువ. అలాగని "నీకెన్నో నెల?" అని ఎవరినీ అడగరాదు. "కుర్చీ కావాలా అమ్మా?" అంటే చాలు. ఆమె నోరు తెరిచి అడుక్కోనక్కర లేకుండా మనమే ముందు చెప్పాలి.

అందుచేత ఒక మనవి. ఈ మధ్యాహ్నం భోజనాలకు వరుస మొదట్లో నాలుగు కుర్చీలు వేయించండి. గర్భిణులకు, చంటిపిల్లల తల్లులకు ప్లేటు అక్కడికే అందిద్దాము. ఆ తరువాతే పెద్దలం లేద్దాము. వడ్డించడానికి మేము ముందుంటాము.

సెలవు.