జూపార్కుకు మనం తీర్చవలసిన బాకీ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమంటే డి.ఏ. బకాయిల గురించి చెబుతానని మీరు అనుకొని ఉంటారు. ఆ సంగతి కార్యదర్శిగారు చూసుకుంటారు. మనకు రావలసిన బాకీ కాక, మనం తీర్చవలసిన బాకీ గురించి రెండు మాటలు మనవి చేస్తాను. అది హైదరాబాదు నెహ్రూ జూపార్కు బాకీ.

మీరాలం చెరువు పక్కన ఆ పార్కును 1963 అక్టోబరు 6న ప్రజల కోసం తెరిచారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అంతకు ముందు జంతువులను బాగే ఆంలో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో చూసేవాళ్ళం. కొత్త పార్కు 380 ఎకరాలు. ఊచల బదులు కందకం, దాని అవతల సింహం. ఆ రోజంతా మా నాన్నగారి చెయ్యి వదలలేదు.

తరువాత గుమాస్తా ఉద్యోగం, సంసారం. ఇంటిల్లిపాదినీ సినిమాకు తీసుకువెళ్ళాలంటే ఒకటో తారీఖు రావాలి. జూకు అయితే పులిహోర కట్టుకొని ఎప్పుడైనా వెళ్ళేవాళ్ళం. పండుగ సెలవుల్లో పాతబస్తీ కుటుంబాలు, ఊళ్ళ నుంచి వచ్చిన మన చుట్టాలు ఒకే చెట్టు నీడన కూర్చొని అన్నాలు తినేవారు. ఆఫీసరుకూ అటెండరుకూ అక్కడ ఒకటే క్యూ.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1985 ప్రాంతంలో ఒక ఆదివారం మా అబ్బాయి సరదా పడ్డాడని, మిగిలిన మిరపకాయ బజ్జీలను పాలిథిన్ కవరుతో సహా చుక్కల జింకల వైపు విసిరాను. కీపరు ఒకాయన పరుగున వచ్చి కవరు తీసేశాడు. నన్ను తిట్టలేదు. "సాబ్, గిది తింటే కడుపుల ఇరుక్కుంటది. దానికి చెప్పరాదు. సచ్చినంక కోసి చూస్తేనే మాకు తెలుస్తది" అన్నాడు. పక్కనే బోర్డు ఉంది. జీవితమంతా సర్క్యులర్లు చదివిన నేను ఆ బోర్డు చదవలేదు. మా అబ్బాయి ముందు తల దించుకున్నాను.

2021 మే నెలలో ఆ జూలో ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్లు తేలింది. అవి కోలుకున్నాయి. అప్పుడు మనమంతా తలుపులు వేసుకొని కూర్చున్నాం. జూకు గేటు దగ్గర టికెట్ల రాబడి ఆగిపోయింది. కాని జంతువులకు మేత, మాంసం ఆగడానికి వీలులేదు. కీపర్లు రోజూ డ్యూటీకి వెళ్ళారు. నాకు ఆ పాత కీపరే కళ్ళముందు మెదిలాడు.

జూ అంటే పిల్లల కాలక్షేపం మాత్రమే కాదు. కనుమరుగయ్యే స్థితికి వచ్చిన మూషిక జింకలను శాస్త్రజ్ఞుల సాయంతో అక్కడ పెంచి, నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. నేను కవరు విసిరిన చోటే ఇంత పని జరుగుతున్నది.

ఆ జూలో జంతువులను దత్తత తీసుకొనే పథకం ఉన్నది. ఏనుగు, పులి మన తాహతుకు మించినవి కావచ్చు. మన సంఘం తరఫున ఒక చిన్న ప్రాణికి ఏడాది మేత ఖర్చు భరిద్దామని ప్రతిపాదిస్తున్నాను. తలా కొంత వేసుకుంటే భారం కాదు. మొదటి చందా నాది. ఇది దానం కాదు, నలభయ్యేళ్ళ నాటి బకాయి.

తీర్మానాన్ని బలపరచవలసిందిగా ప్రార్థిస్తున్నాను.