సర్దుకుపోవడం వేరు, నేర్చుకోవడం వేరు

(చిల్లకూరులో మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పనిచోట వచ్చే మార్పులకు తగ్గట్టు మారగలిగే నేర్పు గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఉద్యోగ శిక్షణ ఇచ్చేవాళ్ళు దీన్ని అడాప్టబిలిటీ అంటున్నారు. ఇంటర్ చదివిన మన ఆడపిల్లలకు, ఈ గుణం ఉంటేనే ఉద్యోగం నిలబడుతుందని చెబుతున్నారు. ఈ మాట వినగానే మనకు పుట్టింట్లో విన్న ఇంకొక మాట గుర్తుకొస్తుంది. అదే, 'సర్దుకుపోమ్మా' అనే మాట. అత్త తిడితే సర్దుకుపో, మొగుడు తాగొస్తే సర్దుకుపో, కూలి తక్కువిస్తే సర్దుకుపో. ఈ రెండు మాటలూ ఒకటేనా? ఒకటే అయితే ఆ శిక్షణ మనకు అక్కర్లేదు, పుట్టినప్పటి నుంచి అందులో ఆరితేరి ఉన్నాం. ఒకటి కాకపోతే తేడా ఎక్కడుందో తేల్చుకోవాలి.

ముందుగా మన తీరం సంగతి చూద్దాం. ఈ నెల్లూరు కోస్తాలో గత ముప్పై అయిదేళ్ళలో పని ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. 1990ల మొదట్లో వరి పొలాలు రొయ్యల గుంటలయ్యాయి. ఎకరా నాటు వెయ్యాలంటే ఆడవాళ్ళు గుంపుగా దిగాలి. కలుపుకీ, కోతకీ వాళ్ళే కావాలి. అదే ఎకరా గుంటయితే మేత చల్లడానికీ, రాత్రి కాపలాకీ ఇద్దరు మగవాళ్ళు చాలు. అలా మన చేతుల్లో పని పోయింది. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి టైగర్ రొయ్య చచ్చిపోయింది. ఉప్పు తేలిన నేల వరికీ పనికిరాలేదు. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పు ఇచ్చింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి ఇచ్చాక గుంటలు మళ్ళీ నిండాయి. తలలు తీసే షెడ్లలో, పొట్టు ఒలిచే షెడ్లలో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడే పని ఆడవాళ్ళకు దక్కింది. ఈలోగా 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది, తమ్మినపట్నంలో థర్మల్ కేంద్రం వచ్చింది, మోమిడి వైపు సిలికా ఇసుక తవ్వకాలు సాగాయి. శ్రీసిటీలో 2015లో మొదలైన సెల్‌ఫోన్ల తయారీకి ఎక్కువగా యువతులనే తీసుకున్నారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరితే, ఆ దేశం మొహం చూడని మన షెడ్డు కూలీలకు కూడా ఆ దెబ్బ గుబులు పుట్టించింది.

ఇన్ని మార్పుల మధ్య ఇల్లు గడిపినవాళ్ళకు మారడం రాదని ఎవరనగలరు? మన నేర్పుకు పేరు పెట్టినవాళ్ళు లేరు, కూలి కట్టినవాళ్ళు అంతకన్నా లేరు. సంగతి అదీ.

నేర్పంటే ఏమిటో చూద్దాం. గుత్తకు నాట్లు వేసే గుంపును తీసుకోండి. చేలో నీళ్ళెంత ఉన్నాయి, నారు ముదిరిందా లేతగా ఉందా, గుంపులో పచ్చి బాలింత ఉందా, ఇవన్నీ చూసుకుని ఎవరు నారు అందియ్యాలి, ఎవరు నాటాలి అని అప్పటికప్పుడు పని పంచుకుంటారు. కొత్త పిల్ల వస్తే ఇద్దరు పాతవాళ్ళ మధ్య నిలబెట్టి నేర్పుతారు. మొత్తం పని తెలిసి ఉండడం, పక్కదాని పని కూడా చేయగలగడం, తెలియనిది అడగడం, తెలిసింది పంచడం. కంపెనీలు అడాప్టబిలిటీ అని పిలిచేదానిలో ఇంతకు మించి ఏముంది?

అయితే పొలంలో ఉన్న ఈ నేర్పు షెడ్డులోకీ, ఫ్యాక్టరీలోకీ వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది? అక్కడ మనకు మొత్తం పని చూపించరు కాబట్టి. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ రొయ్యకు ఒక ధర, 50 కౌంట్‌కు ఇంకో ధర. ఏళ్ళ తరబడి తలలు తీసినా ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పకపోవచ్చు. గ్రేడింగ్ మిషన్ వచ్చిన రోజున, 'నీకు పని రాదు' అని పంపిస్తారు. నేర్పనిది వాళ్ళు, రాదన్న నింద ఆమెకు.

నాకు తెలిసిన ఒక చెల్లెలు ఒలిచే షెడ్డులో పనిచేసేది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ఒకరోజు సాయంత్రం ఇంటికి బయలుదేరుతుంటే మేస్త్రీ వచ్చి రేపటి నుంచి రాత్రి షిఫ్టు అన్నాడు. 'అక్కా, పిల్లోళ్ళను యాడ పెట్టేది? అదే అడిగినా. నీకు అలవాటు పడే గుణం లేదు పొమ్మన్నాడు' అని నాతో చెప్పింది. ఆమె మానేసింది. ఆ మాట మాత్రం ఆమెను వదల్లేదు. తనలోనే ఏదో లోపం ఉందనుకుంటోంది. కార్యకర్తలుగా మనం ముందు పోరాడాల్సింది ఆ భావనతో.

ఒక్క సాయంత్రంలో షిఫ్టు మార్చే హక్కు యజమానికి ఉందా? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఎ సెక్షన్ ఉండేది. వేతనాలు, పని గంటలు, షిఫ్టులు, సెలవుల వంటి వాటిని మార్చాలంటే పనివాళ్ళకు ముందుగా నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలి. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలోని పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షన్‌లో ఈ 21 రోజుల నియమం కొనసాగింది. అంటే కొత్తపనికి అలవాటు పడడానికి గడువు అడగడం బద్ధకం కాదు, చట్టం ఒప్పుకున్న హక్కు.

రాత్రిపని విషయం చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్ళను రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు పనిలో పెట్టకూడదని చెప్పింది. అదే 66వ సెక్షన్‌లో చేపలను నిల్వచేసే, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చంది. సరుకు చెడిపోతుందని! ఆడదాని నిద్ర కన్నా చేప విలువైనదన్నమాట. కొత్త కోడ్ ప్రకారం స్త్రీలు ఏ ఫ్యాక్టరీలోనైనా రాత్రి పనిచేయవచ్చు, కాని ఆమె సమ్మతి ఉండాలి, భద్రత, రవాణా ఏర్పాట్లు ఉండాలి. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం కూడా రాత్రి షిఫ్టులకూ, రోజుకు పది గంటల పనికీ ఒప్పుకుంది. రాత్రిపని చేయాలనుకునే స్త్రీకి అడ్డుపడమని నేను చెప్పను. కాదంటే పని పోతుందని భయపడి చేసిన సంతకాన్ని సమ్మతి అనగలమా అన్నదే నా ప్రశ్న.

చట్టంలో ఉన్న బొక్కలు కూడా చెప్పుకోవాలి. మనుషులను తీసేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలన్న నియమం ఇంతకుముందు 100 మంది ఉన్న ఫ్యాక్టరీలకు వర్తించేది, ఇప్పుడు 300కు పెరిగింది. తీసేసిన పనివాళ్ళు కొత్తపని నేర్చుకోవడానికి ఒక్కొక్కరికి 15 రోజుల వేతనం యజమాని జమచేయాలని కొత్త కోడ్ చెప్పింది. మంచిదే. పదిహేను రోజుల కూలితో ఏ పని నేర్చుకుంటాం?

దానికన్నా పెద్ద చిక్కు కాగితం. 1996 తీర్పులో సుప్రీంకోర్టు, మూతపడే రొయ్యల సాగులో పని పోగొట్టుకునేవాళ్ళకు పరిహారం ఇవ్వమంది. అది ఏడాది నిరంతరాయంగా పనిచేసినవాళ్ళకు. మేస్త్రీ పిలిస్తే వెళ్ళి సాయంత్రం డబ్బు తీసుకుని వచ్చే ఆడకూలీ పేరు ఏ మస్టర్‌లో ఉంటుంది? పనిచేసిన గుర్తు లేకపోతే, పని పోయిన గుర్తూ ఉండదు. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలని చట్టం చెబుతోంది. దాన్ని అడిగి తీసుకోవడం మన మొదటి పని.

ఇక పనిలో మార్పు అన్నప్పుడల్లా మనం అయిదు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోవాలి. ఒకటి: మార్పు ఎందుకు, ఎప్పటినుంచి, రాతపూర్వకంగా ఇచ్చారా? రెండు: ఎవరు నేర్పుతారు, నేర్చుకునే రోజులకు కూలి ఉందా? మూడు: రెండో పని నేర్చుకుంటే కూలి పెరుగుతుందా, లేక ముగ్గురి పని ఒకరి నెత్తిన పడుతుందా? నాలుగు: పిల్లల సంగతి, బండి సంగతి, మరుగుదొడ్డి సంగతి ఏమిటి? 50 మంది పైబడి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 నుంచే చట్టం ఉంది. అయిదు: గర్భిణికి, వయసు మళ్ళిన అక్కకు ఈ మార్పులో చోటెక్కడ? వీటికి సరైన జవాబులుంటే అది నేర్చుకోవడం. లేకుంటే పాత సర్దుబాటే.

ఆరో ప్రశ్న ఇంట్లో అడగాలి. ఆమె షిఫ్టు మారితే అన్నం వండే షిఫ్టు ఎందుకు మారదు? మారే గుణం ఆడవాళ్ళకే ఉండాలా? మగపిల్లలకు కూడా ఈ శిక్షణ ఇవ్వండని నేను ప్రతి సంస్థనూ అడుగుతున్నాను.

ఒక్కరే అడిగితే పొమ్మంటారు, నిజమే. ఈ జిల్లా ఆడవాళ్ళకు ఆ పాఠం కొత్త కాదు. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చి కూర్చున్న దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణాన్ని ఆపారు. ఒకచోట నేర్చినది ఇంకోచోట వాడడం అంటే అదే. సంతకం నేర్చుకోవడానికి వచ్చి గుంపుగా ప్రశ్నించడం నేర్చుకున్నారు.

2025 జనవరి 8న క్రిస్ సిటీకి శంకుస్థాపన జరిగింది. ప్రత్యక్షంగా, పరోక్షంగా లక్షమందికి ఉపాధి అని ప్రకటించారు. అది మన పక్కనే. అందులో మనకు ఊడ్చే పని, ఒలిచే పని మాత్రమే దక్కకూడదనుకుంటే ఫ్యాక్టరీ గేటు తెరిచేదాకా ఆగకూడదు. ఊళ్ళకు తిరిగి వెళ్ళాక ప్రతి సంఘంలోనూ ఒక నోటుపుస్తకం తెరవండి. ఎవరికి ఏ పని వచ్చు, ఎక్కడ ఎన్ని రోజులు చేశారు, ఎంత కూలి ఇచ్చారు, ఇంకేం నేర్చుకోవాలని ఉంది, అన్నీ రాయండి. రాయడం రానివాళ్ళకు వచ్చినవాళ్ళు రాసిపెట్టండి. నెలకొకసారి ఒకరి పని ఇంకొకరికి నేర్పుకోండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు వెంట తీసుకురండి. శిక్షణ ఏం కావాలో, ఎవరిని అడగాలో వాటిని ముందు పెట్టుకునే నిర్ణయిద్దాం.