బాసగూడ సంత ఎవరిది?



బస్తర్ గురించి మన విశ్వవిద్యాలయాల్లో మాట్లాడినప్పుడల్లా యుద్ధమే ముందుకొస్తుంది. నేను ఈరోజు ఒక సంత గురించి మాట్లాడతాను. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో, తాల్పేరు ఒడ్డున ఉన్న బాసగూడ గురించి. ఆ ఏరే కిందికి పారి చర్ల దగ్గర మనకు తాలిపేరు ప్రాజెక్టు అవుతుంది. నీళ్లకు లేని సరిహద్దు మనుషులకు వచ్చింది. భాషకూ అది లేదు. దక్షిణ బస్తర్‌లో దొర్ల, గోండి, హల్బీలతో పాటు తెలుగు కూడా బేరాల భాషే.

సంతలోకి అడవి నుంచి ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు వచ్చేవి. బయటి నుంచి ఉప్పు, నూనె, గుడ్డలు, ఎండుచేపలు వచ్చేవి. ఉప్పుకు సారపప్పు మార్చుకున్న మోసం బస్తర్ అంతటా తెలిసిన కథే. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో పల్లెను పొగిడేవాళ్లను నిలదీశారు. కాబట్టి పాత సంతను స్వర్గంగా చెప్పడం మన పని కాదు. తూకం షావుకారు చేతిలో ఉండేది, అప్పు పద్దు కూడా ఆయన దగ్గరే ఉండేది. అయినా ఆదివాసీకి వారానికోసారి బంధువును కలిసే చోటు, పెళ్లి సంబంధం మాట్లాడుకునే చోటు, కబురు తెలిసే చోటు అదే.

ఈ చరిత్రలో షావుకారు కనిపిస్తాడు, ఆదివాసీ కనిపిస్తాడు. వాళ్లిద్దరి మధ్య గుడ్డ నేసినవాళ్లు కనిపించరు. బస్తర్‌లో ఆదివాసీలకు బట్ట నేసి ఇచ్చినవాళ్లలో మహరాలు ముఖ్యులు. ఊరికి వాళ్ల నేత కావాలి, డప్పు కావాలి, పక్కన కూర్చోవడం మాత్రం వద్దు. వాళ్ల కులం పేరును కాగితం మీద ఎలా రాశారన్నదే వాళ్లకు శాపమైంది. జాబితాలో మెహ్రా, మహర్, మెహర్ ఉన్నాయి. మహరా లేదు. ఒక్క అక్షరం తేడాకు స్కాలర్‌షిప్, ఉద్యోగం, రిజర్వుడు సీటు అన్నీ పోయాయి. 2023లో పార్లమెంటు రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వును సవరించి మహరా, మహ్రా పేర్లను చేర్చింది. మొదటి ఉత్తర్వు 1950 ఆగస్టు 10 నాటిది. లెక్క మీరే వేసుకోండి.

2005లో సల్వా జుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. 644 గ్రామాలు ఖాళీ అయ్యాయన్నది పదేపదే వినిపించిన లెక్క. బాసగూడ కూడా ఖాళీ అయింది. సంతలు మూయడం ఆ యుద్ధంలో ఒక ఆయుధం. ఉప్పు దొరక్కపోతే మనిషి అడవి దాటి రావాల్సిందే కదా! వేలమంది గోదావరి వైపు దాటారు. ఒకప్పుడు సంతలో అమ్మకందారుగా నిలబడ్డవాళ్లు ఇక్కడ మిరప చేలల్లో కూలీలయ్యారు. జాబితాలు రాష్ట్రాలవారీవి కాబట్టి, అక్కడ షెడ్యూల్డ్ తెగ అయిన మనిషి ఇక్కడ ఏ తెగా కాకుండా పోయాడు.

2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా చేసి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమంది. ఏడాది తిరగకుండానే, 2012 జూన్ 28 రాత్రి, బాసగూడ పక్కనే సార్కెగూడలో 17 మందిని కాల్చి చంపారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని గ్రామస్తులు చెప్పారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2019లో బయటికొచ్చింది. నలుగురు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడమే ప్రాణం మీదికి తెచ్చిన చోట, సంత అంటే సరుకు మాత్రమే కాదని వేరే చెప్పాలా?

ఇక హక్కు సంగతి. మహద్ చెరువు దగ్గర 1927లో అడిగింది నీళ్లనే కాదు, నలుగురితో సమానంగా నిలబడే చోటును. అదే ఆర్టికల్ 15(2)లో దుకాణాలు, బావులు, చెరువులు, రోడ్ల పేర్లతో రాజ్యాంగంలోకి వచ్చింది. 1996 నాటి పెసా చట్టం ఇంకో అడుగు వేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణ, వడ్డీ వ్యాపారంపై అదుపు, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీలకూ ఉండాలంది. అంటే సంత ఎప్పుడు తెరవాలి, తూకం ఎవరు చూడాలి, ఎవరి దుకాణం ఎక్కడుండాలి అన్నది క్యాంపు గేటు దగ్గర తేలే విషయం కాదు. అలాగే గ్రామసభలో మహరా నేతగాడి మాటకు విలువ లేకపోతే, షావుకారు పోయిన చోట ఇంకొకరి పెత్తనం వస్తుంది. ఈ రెండూ కలిపి అడగకపోతే మనం సగమే అడిగినట్టు.

విద్యార్థులను నేను కోరేది ఒక్కటే. 1950 నాటి కాగితం చూపించమని అధికారి అడుగుతాడు. ఇల్లే కాలిపోయినవాడు ఏం చూపిస్తాడు? ఆ సంతలో ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్లు, ఎవరు ఏం నేసేవాళ్లు, ఎవరు ఎవరికి బాకీ అన్నది ముసలివాళ్లకు ఇంకా గుర్తుంది. భద్రాచలం, చర్ల చుట్టుపక్కల వలస గూడేలకు వెళ్లండి. వాళ్ల భాషలోనే రికార్డు చేయండి. వాళ్ల అనుమతితో, వాళ్లకూ ఒక ప్రతి ఇచ్చి. మీ పీహెచ్‌డీకి అది పనికొస్తుందో లేదో గాని, ఒక మనిషి నేను ఫలానా ఊరివాణ్ణి అని చెప్పుకోవడానికి తప్పకుండా పనికొస్తుంది.

జై భీమ్.