జైలుకు రాసిన ఉత్తరాలు

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత సబ్ పోస్టుమాస్టరు చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన తరువాత ఎవరి వ్యాపకం ఏమిటో చెప్పమన్నారు కార్యదర్శి గారు. నా ముందు మాట్లాడిన మిత్రులు తోటపని గురించీ, గీతా పారాయణం గురించీ చక్కగా చెప్పారు. నా సంగతి వింటే కొందరు ముఖం చిట్లిస్తారేమో. నేను పదిహేనేళ్ళపాటు ఒక యావజ్జీవ ఖైదీకి ఉత్తరాలు రాశాను.

ఇది కౌంటరు దగ్గరే మొదలైంది. 2009లో, నా సర్వీసు ఇంకా ఏడాది ఉందనగా, ఒక ముసలావిడ ఇన్‌లాండ్ కవరు కొని, "బాబూ, నాలుగు ముక్కలు రాసిపెడుదూ" అంది. అడ్రసు సెంట్రల్ జైలు. పొలం గట్టు తగాదాలో కొడుకు కర్ర ఎత్తాడు, అవతలి మనిషి ప్రాణం పోయింది. నెలకోసారి వచ్చేది. గేదె ఈనింది, పాక కప్పించాను, అన్నం తింటున్నావా - ఇవే సంగతులు. తన ఆయాసం మాట మాత్రం రాయనిచ్చేది కాదు. చివర మా ఆఫీసు ఇంకుప్యాడ్ మీద బొటనవేలు అద్ది వేలిముద్ర వేసేది. నేను రిటైరైనా ఆవిడ మా ఇంటి అరుగు మీదికి రావడం మానలేదు. ఇంకుప్యాడ్ ఒకటి నేనే కొని ఉంచాను.

2013లో ఆవిడ పోయింది. ఆ కబురు రాయవలసినవాణ్ణి నేనే. నెల దాటాక జవాబు వచ్చింది: "ఇక నాకు ఉత్తరం వేసేవాళ్ళు లేరు. వీలైతే మీరు రాయండి బాబుగారూ. రాయకపోయినా తప్పు లేదు." మా ఆవిడ, "హంతకుడికి మన ఇంటి అడ్రసు ఎందుకండీ?" అంది. ఆవిడ భయం ఆవిడది. నేను రాశాను.

మన కుర్రతనంలో పత్రికల్లో కలం స్నేహం శీర్షికలు ఉండేవి గుర్తుందా? ఖైదీలతో అలాంటి స్నేహం చేసేవాళ్ళు లోకంలో ఉన్నారని నాకు తరువాత తెలిసింది. 1987లో బి.బి.సి. వారు "ఫోర్టీన్ డేస్ ఇన్ మే" అని ఒక చిత్రం చూపించారు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు జైలులో ఎడ్వర్డ్ ఎర్ల్ జాన్సన్ అనే యువకుడి మరణశిక్షకు ముందు రెండు వారాలు ఎలా గడిచాయో అందులో ఉంది. అది చూసిన యాన్ ఆరియన్స్ అనే ఆయన ఇంగ్లండు నుంచి అక్కడి ఖైదీలకు ఉత్తరాలు రాసి, 1988లో లైఫ్‌లైన్స్ అనే సంస్థ పెట్టారు. ముక్కూ మొహం తెలియని మనుషులు మరణశిక్ష పడినవాళ్ళకు రాసే ఏర్పాటు అది. వారితో పోలిస్తే నాది ఊరివాడికి రాసిన ఉత్తరమే.

జైలుకు వచ్చే ఉత్తరాన్ని అక్కడి అధికారులు విప్పి చదివి ముద్ర వేసి ఇస్తారు. కనుక కేసు సంగతులు, జైలు సంగతులు నేను ఎత్తేవాణ్ణి కాదు. ఖైదీ పేరు, తండ్రి పేరు, నంబరు స్పష్టంగా రాయాలి. నంబరు తప్పితే ఉత్తరం ఎక్కడో ఆగిపోతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2018లో ఇంకో పద్ధతి పెట్టారు. మామూలు ఉత్తరాలు ఫ్లోరిడాలోని ఒక కంపెనీకి పోయేట్టు, ఖైదీకి నకలు మాత్రం చేరేట్టు చేశారు. కాగితానికి మత్తుమందు పట్టించి పంపుతున్నారని కారణం చెప్పారు. కారణం ఉండవచ్చు గాని, నాకు ముసలావిడ వేలిముద్ర గుర్తొచ్చింది.

జైలు నుంచి వచ్చే ఉత్తరానికీ విలువ ఉంది. 1982లో ఇదే రోజున వచ్చిన నకారా తీర్పును మనం తలుచుకుంటున్నాం కదా. అంతకు మూడేళ్ళ ముందు, 1979 డిసెంబరులో, అదే సుప్రీం కోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. సునీల్ బాత్రా అనే ఖైదీ తన గురించి కాదు, తోటి ఖైదీని ఒక వార్డరు చిత్రహింస పెట్టాడని న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకుంది. జైళ్ళలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టమంది.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. 2016లో కంటి ఆపరేషను అయింది, తరువాత బెంగుళూరులో మా అమ్మాయి ఇంట్లో ఉండిపోయాను. నాలుగు నెలలు ఒక్క కార్డు ముక్క వేయలేదు. తిరిగి వచ్చేసరికి పక్కింటివారి దగ్గర మూడు ఉత్తరాలు ఉన్నాయి. మొదటిది, ఆరోగ్యం ఎలా ఉందని. రెండోది, నా మాట ఏదైనా తప్పుగా తోచిందా అని. మూడోది రెండే వాక్యాలు: "మీరు కూడా వెళ్ళిపోయారేమో. నమస్కారం." సర్వీసులో ఎన్ని లక్షల ఉత్తరాలు నా చేతుల మీదుగా పోయాయో! వాటిలో ఒక్కటీ నన్ను ఇంత సిగ్గుపరచలేదు. ఆ తరువాత ఎక్కడికి వెళ్ళినా ముందు ఒక కార్డు వేసి కదిలేవాణ్ణి. మీలో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే, మధ్యలో వదిలేసేట్టయితే మొదలే పెట్టకండి.

ఇంకో మాట దాచకూడదు. చనిపోయినవాడి భార్యదీ అదే ఊరు. ఉపాధి హామీ కూలి డబ్బుకు నా కౌంటరుకే వచ్చేది. ఒకరోజు, "ఆ ఇంటికి ఉత్తరాలు రాసి పెడుతున్నారంట. మా ఇంటాయనకి ఏ అడ్రసుకి రాస్తారండీ?" అంది. తలవంచుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇవాళ్టికీ జవాబు లేదు.

2024లో అతను విడుదలై నేరుగా మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడే కాఫీ ఇచ్చింది. సంచిలోంచి ఉత్తరాల కట్ట తీశాడు, ప్రతిదాని మీదా జైలు ముద్ర. వాళ్ళమ్మ పేరుతో నేను రాసినవి అన్నిటికన్నా పైన ఉన్నాయి. "మా అమ్మ క్షేమం అనే మాట ఎరగదండీ. అది మీ రాత అని మొదట్లోనే తెలిసింది. వేలిముద్ర చూసుకునేవాణ్ణి" అన్నాడు.

సొంత ఊరికి వెళ్ళలేదు. ఆవిడ ఎదుట పడలేనన్నాడు. వేరే ఊళ్ళో వడ్రంగం చేసుకుంటున్నాడు, ఆ పని జైల్లో నేర్చిందే. ఫోను ఉన్నా నెలకో ఉత్తరం వేస్తాడు. ఈ నెల జవాబు నేనే బాకీ. భోజనాలయ్యాక ఇంటికి వెళ్ళి రాయాలి. సెలవు.